ఆంప్లిఫయర్ పక్కన కుర్చీ

కారు కొన్నది నేను. అందులో స్టీరియో పెట్టించాలన్నదీ నా పంతమే. ఈ రెండూ ముందే చెప్పేస్తే, మా ఆయన ఇందులో పెద్దగా ఎందుకు కనిపించడో మీరు అడగరు.

అప్పట్లో మేము బెంగళూరు శివార్లలో, చందాపురలో ఉండేవాళ్ళం. తొంభైల మొదట్లో నేను గుంటూరు వైపు నుంచి నర్సింగ్ చదవడానికి బెంగళూరు వచ్చాను. చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ ఇక్కడే అయ్యాయి. హోసూరు రోడ్డు మీద ఒక ఆసుపత్రిలో ఐసీయూ నర్సుని. మా ఆయన దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, వాళ్ళది హిందూపురం వైపు. ఏళ్ళ తరబడి బస్సుల్లో ఒంటికాలి మీద నిలబడి డ్యూటీకి వెళ్ళి వెళ్ళి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బ్యాంకు లోనుతో ఒక చిన్న కారు కొనేశాను. స్టీరియో ఉండాల్సిన చోట దానికి ఒక నల్ల ప్లాస్టిక్ మూత మాత్రం ఉండేది. డ్రైవింగ్ సీట్లో కూర్చున్నప్పుడల్లా ఆ మూత నా వైపు చూసి వెక్కిరిస్తున్నట్టే ఉండేది.

కంపెనీ షోరూములోనే బిగించేస్తామన్నారు. అక్కర్లేదన్నాను. మా ఇంట్లో మావయ్య, అంటే మా ఆయన నాన్న, ఉండగా ఇంకొకరి చేత వైర్లు లాగించడమేమిటి?

మావయ్యకు హిందూపురం దగ్గర మైకు సెట్టు ఉండేది. గుడి జాతరకూ, దర్గా ఉరుసుకూ, మన సువార్త కూటాలకూ అదే ఆంప్లిఫయర్, అవే హారన్లు. ఏ ఊళ్ళో ఏ చెట్టుకు హారను కడితే ఎంత దూరం వినిపిస్తుందో ఆయనకు నోటికి వచ్చు. డీజే సెట్లు వచ్చాక హారన్లు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అత్తయ్య పోయాక ఆయన సామానంతా అమ్మేసి, స్క్రూడ్రైవర్ల పెట్టె ఒక్కటి చంకన పెట్టుకుని మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన వారానికే మా ఫ్యాను, మిక్సీ, పక్కింటివాళ్ళ కాలింగ్ బెల్లు అన్నీ విప్పి బాగుచేసి, ఇక చేసేందుకేమీ లేక వీధి గుమ్మంలో కూర్చున్నారు. ఆ కూర్చోవడం చూస్తే నాకు ఊపిరాడేది కాదు.

ఆయన్ని నిలబెట్టింది మా చర్చి. మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఆదివారం పొద్దున ఆ హాల్లో కన్నడవాళ్ళ ఆరాధన, తర్వాత మాది, మా తర్వాత తమిళులది. హాలు ఒకటే, మైకులూ ఆంప్లిఫయరూ అవే. కన్నడవాళ్ళు వెళ్ళేసరికి నాబ్‌లన్నీ అటూ ఇటూ తిరిగిపోయి ఉండేవి. మావయ్య ఒకరోజు చూశారు, రెండోసారి చూశారు, మూడో ఆదివారం ఎవరినీ అడగకుండా ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్నారు. ఆ రోజు నుంచి పాస్టరు అయ్యగారి ప్రసంగం చివరి చాపదాకా వినిపించింది. ఆయన నడకే మారిపోయింది. శనివారం నాడే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకునేవారు.

నేను క్వయర్‌లో పాడేదాన్ని. కింది స్వరం నాది. నిలబడితే హాలు వెనక మావయ్య కుర్చీ ఎదురుగా కనిపించేది. ఆయన తల పైన గోడకు పెద్ద గడియారం. ఆరాధన అయ్యాక ఇంటికొస్తూ ఒకసారి నేను, "ఇవాళ సౌండు ఎంత బాగుందో ఒక్కరూ మీతో చెప్పలేదు చూశారా" అని ఉడుక్కుంటే, ఆయన నవ్వారు.

"సౌండు బాగుంటే సౌండు మనిషి పక్క ఎవురూ సూడరు పాపా. తల తిప్పి సూసినారంటే పని చెడినట్లే."

ఆ మాట అన్న ఒకటి రెండేళ్ళకే జనం తలలు తిప్పడం మొదలైంది. ఉన్నట్టుండి మైకు కీచుమనేది. పాటలో కలిసిపోతే సరే, ప్రార్థనలో మరీ దారుణం. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు సన్నగా మొదలై, సూదిలా పెరిగి, చెవుల్లోకి దిగేది. ఒక ఆదివారం ఆ కీచుకు పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది. మావయ్య మాత్రం చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, భక్తిగా కూర్చునే ఉన్నారు. తప్పు మైకుదని నేను అనుకున్నాను. రేకుల కప్పు హాలు, చవక మైకులు, పైగా మూడు భాషలవాళ్ళ చేతులు పడిన ఆంప్లిఫయరు. కీచుమనక ఏం చేస్తుంది?

ఆ రోజు ఆరాధన అయ్యాక ఆవరణలో సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచారు. బ్యాంకులో ఆఫీసరుగా రిటైరైన మనిషి, మాట మెత్తన.

"అమ్మా, పెద్దాయనకు వయసైంది. కాస్త విశ్రాంతి ఇద్దాం. సర్జాపుర రోడ్డు కొత్త అపార్టుమెంట్ల నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు వస్తున్నాడు కదా, అతనికి ఈ పనులు బాగా తెలుసట. వచ్చే నెల నుంచి అతను చూసుకుంటాడు. మావయ్యగారికి చెవి కొంచెం..."

నాకు తిక్కరేగింది. నా నోటి సంగతి మా వార్డులో ఎవరినడిగినా చెబుతారు.

"చెవికేమైందండీ ఆయనకి? నేను నర్సుని, ఇంట్లో మనిషికి చెవుడొస్తే నాకు తెలియదా? తప్పు మీ మైకుది. కొత్త కారుకి ఆయన చేత స్టీరియో పెట్టిస్తున్నాను. వచ్చే ఆదివారం మీరే కూర్చుని వినండి. దాంట్లో ఒక్క వంక కనిపెట్టండి, ఆ కుర్చీ మీ తమ్ముడికి నేనే స్వయంగా వేస్తాను."

నలుగురు విన్నారు. అయ్యగారు కూడా విన్నారు. సంఘ పెద్ద మర్యాదగా, "సరేనమ్మా, వింటాం" అన్నారు. వెనక మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నాకేం భయం లేదు. నా ధీమాకు కారణాలున్నాయి మరి. నేను పిలిస్తే మావయ్య పలికేవారు. వంటింట్లోంచి నేనేమన్నా గుమ్మంలోంచి జవాబిచ్చేవారు. నా గొంతుకు గోడలే పలుకుతాయన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆ వారంలోనే ఒకరోజు సెలవు పెట్టి మావయ్యను ఎలక్ట్రికల్ కొట్లుండే నగర్తపేటకు తీసుకెళ్ళాను. కారును దూరంగా ఆపి, బట్టల మూటల మధ్య, తోపుడు బండ్ల మధ్య సందుల్లో నడిచాం. మాకు తెలిసినవాళ్ళు చెప్పిన కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉంది. కొట్టతను తరాలుగా బెంగళూరులో ఉంటున్న తెలుగువాడు.

"రాండప్పా, కూకోండి. యా కారుకి? స్టీరియో ఒగటేనా, ఆంప్లిఫయరూ కావల్నా?"

"అన్నీ కావాల" అన్నారు మావయ్య, పెళ్ళిసంబంధం మాట్లాడ్డానికి వచ్చినంత ఠీవిగా.

సీడీలు పాడే స్టీరియో, డిక్కీలో పెట్టే ఆంప్లిఫయరు, ముందు తలుపులకు గుండ్రటి స్పీకర్లు రెండు, వెనక పలకకు కోలవి రెండు తీసుకున్నాం. కొట్టతను ఒక్కో స్పీకరుకూ పాట పెట్టి వినిపించబోతే మావయ్య వద్దన్నారు. జేబులోంచి టార్చి సెల్లు, రెండు వైరు ముక్కలు తీశారు. స్పీకరు మీద అరచేయి ఆనించి, సెల్లును వైర్లకు తాకించి తీశారు. టప్ మని చప్పుడైంది. స్పీకరు కాగితం బయటికి పొంగి చేతిని తడితే వైరు సరైన కొస మీద ఉన్నట్టు, లోపలికి లాక్కుంటే తిరగేసినట్టు. నాలుగింటినీ అలాగే చూశారు. ఒక కోల స్పీకరు దగ్గర ఆగి, మళ్ళీ తాకించి, "ఇది గీసుకుంటాండాది. ఇంగోటి ఇయ్యి" అన్నారు. కొట్టతను దాన్ని తిప్పి చూసి, నిజమేనని ఒప్పుకుని కొత్తది తెచ్చాడు.

"అందరూ పాట పెట్టి ఇంటారు, నీవు సెయ్యి పెట్టి ఇంటావు గదప్పా! సెన్నాగుండాది నీ పని" అన్నాడు. నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. అతను అన్న మాటను నేను మెప్పుగానే తీసుకున్నాను.

సామాను సంచిలో సర్దుతూ అతను, "బ్యాటరీ వైరు ఒగ పక్కన, పాట వైరు ఇంగో పక్కన లాగల్లప్పా" అని చెప్పబోయాడు. మావయ్యకు రోషం వచ్చింది.

"నాకు చెప్తాండావా? మైలు దూరం మైకు లైను ఒగే కట్టగా లాగినోణ్ణి నేను. వైరు వైరుకూ సందు కనపడితే అది పనేనా?"

అతను చేతులెత్తేశాడు. నేను మావయ్య పక్షమే.

శనివారం పొద్దున్నే ఇంటి ముందు వీధిలో కారు తలుపులన్నీ తెరిచి పెట్టాం. మావయ్య పంచె ఎగ్గట్టి, పెట్టె తెరిచి, ముందు దణ్ణం పెట్టుకున్నారు. ప్రార్థన అయ్యాక బ్యాటరీ వైరు విప్పించారు. స్టీరియో వెనక నుంచి వచ్చే వైర్ల కట్టను చూసి, "రంగులు చదువు పాపా" అన్నారు. నేను ఇంగ్లీషు కాగితం చూసి చదివాను. పసుపు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళానికి, నలుపు బాడీకి. నీలం ఆంప్లిఫయర్‌ను నిద్రలేపడానికి. ఆ నీలం వైరు సంగతి ఆయనకు తెగ నచ్చింది. "మా కాలంలో ఆంప్లిఫయర్ను లేపేదానికి తన్నాల్సొస్తాండె" అన్నారు.

బ్యాటరీ నుంచి డిక్కీదాకా లావు ఎర్ర వైరు లాగారు. స్టీరియో నుంచి డిక్కీదాకా పాటను మోసే సన్న వైర్లు లాగారు. రెండింటినీ ఎడమ తలుపుల కింది గుమ్మం పక్కనే, కార్పెట్ కింద, జానెడు జానెడుకూ నల్ల గుడ్డ టేపు చుడుతూ ఒకే కట్టగా కట్టారు. ఆంప్లిఫయర్ నల్ల వైరును డిక్కీలో ఒక బోల్టుకు బిగించారు. అల్లిన జడలా ఉంది ఆ కట్ట. మా ఆయన తొంగిచూసి, "నాన్నా, ఆ కొట్టాయన వేరే పక్క అన్నాడట గదా" అని సణిగాడు. నేనే ఆ మాట అతనికి చెప్పినందుకు నాలుక కరుచుకున్నాను. మావయ్య తలెత్తకుండా, "నువ్వు టీ పెట్టుకోని రా పో" అన్నారు. మా ఆయన వెళ్ళి టీ పెట్టాడు. అదైతే బాగా కుదిరింది.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. తాళం సగం తిప్పి పాట పెట్టాం. అబ్బ! ఆ చిన్న కారు గుడారమంత పెద్దదైపోయింది. తబలా ఒక తలుపులోంచి, వయొలిన్ ఒక తలుపులోంచి, గొంతు సరిగ్గా అద్దం మధ్యలోంచి వచ్చాయి. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి తొంగిచూశారు. నేను మావయ్య చేయి పట్టుకుని ఊపేశాను. రేపు చర్చి ఆవరణలో సంఘ పెద్ద ముఖం ఎలా ఉంటుందో అప్పుడే కళ్ళకు కట్టింది.

"ఒక చుట్టు తిరిగొద్దాం రండి మావయ్యా" అని ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సర్జాపుర వైపు బయల్దేరాను.

ఇంజను స్టార్ట్ చేయగానే ఏదో తేడాగా అనిపించింది. పాట వెనక సన్నగా ఇంకో శబ్దం. గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కితే అదీ లేచింది, కాలు తీస్తే దిగింది. దోమ చెవి దగ్గర తిరుగుతున్నట్టు కుయ్య్ మంటూ. ముందు బెల్టు అనుకున్నాను, తర్వాత పక్కన వెళ్ళే లారీ అనుకున్నాను. లారీ వెళ్ళిపోయింది, కుయ్య్ పోలేదు. పక్కకు చూశాను. మావయ్య సీటుకు తల ఆనించి, మోకాలి మీద తాళం వేస్తూ, ముఖమంతా తృప్తి నింపుకుని కూర్చుని ఉన్నారు.

నాకు నెమ్మదిగా భయం మొదలైంది. స్టీరియో సౌండు పూర్తిగా తగ్గించేశాను. పాట పోయింది. కీచు మాత్రం అలాగే ఉంది, ఇంకా స్పష్టంగా. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. కీచు చెవులు తొలిచేసింది.

"మావయ్యా, ఇప్పుడు ఏమైనా వినిపిస్తోందా?"

"పాట ఆపేస్తివి గద పాపా, ఏం వినపడతాది?"

చర్చిలో పసిబిడ్డ ఏడ్చిన రోజు, ఆయన చేతులు కట్టుకుని కూర్చున్న తీరు ఒక్కసారిగా అర్థమైంది. వయసు మీదపడితే చెవికి పైస్థాయి శబ్దాలు ముందు పోతాయని, మాటలు వినపడుతూనే ఉంటాయని, అందుకే ఇంట్లోవాళ్ళకు పట్టుబడదని నేను చదువుకున్నదాన్నే. ఐసీయూ బయట నిలబడి ఎందరికో ఎన్నో చెప్పిన నోరు నాది. ఆ రోజు మాత్రం బండి పోనిస్తూనే ఉన్నాను. బాధకన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆయన మీద కాదు, ఖచ్చితంగా కాదు. సంఘ పెద్ద మాట నిజమైనందుకు అనుకుంటాను.

కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్ల దగ్గర, ఒక నీలగిరి తోపు పక్కన కారు ఆపాను. ఇంజను ఆపలేదు. ఆయన వైపు తిరిగాను.

"మావయ్యా, స్పీకర్లలోంచి ఒక కీచు వస్తోంది. నేను తొక్కితే పెరుగుతోంది. నాకు వినిపిస్తోంది, మీకు వినిపించడం లేదు."

"ఇంజను సద్దు అది."

"ఇంజను శబ్దం నాకు తెలుసు. ఇది వేరు. మన చర్చిలో మైకు కీచుమంటుందే, అలాంటిది."

ఆయన వాదిస్తారనుకున్నాను. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, తలుపు స్పీకరు మీది జాలీని ఊడదీశారు. కాగితం మీద చూపుడు వేలి గోరు తేలిగ్గా ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

"తొక్కు."

తొక్కాను.

"ఇడువు."

వదిలాను. మళ్ళీ తొక్కమన్నారు. మూసుకున్న కళ్ళు తెరవకుండానే, "ఉండాది పాపా" అన్నారు. "గోటి కింద జిలజిలమంటాండాది. నువ్వు చెప్పేది నిజమే."

జాలీ తిరిగి బిగించడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. బిగించాక చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"అయితే చర్చిలోనా?"

"అవును మావయ్యా."

"జనం నా పక్క తల తిప్పి సూస్తాండ్రి. గడియారం సూస్తాండారనుకుంటి. నా తల మీదనే గదా ఉండేది."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచుకోలేదు. ఆయన నా భుజం తట్టి, ఓదార్పు మాటేదో అంటారనుకుంటే, "ఇంటికి పోనీ. ఆ కట్ట ఇప్పల్ల. ఆ కొట్టోడు చెప్పిందే రైటు" అన్నారు.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఆయన జడ విప్పినట్టు ఆ కట్టంతా విప్పారు. పొద్దుట అంత మురిపెంగా చుట్టిన టేపును బ్లేడుతో కోస్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంది. ఆయనకు అలాంటిదేమీ లేదు. పని తప్పు, విప్పాలి, అంతే. బ్యాటరీ వైరు శబ్దం సోకకుండా పాట వైర్లను కుడి గుమ్మం పక్కకు మార్చారు. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కుతుంటే, ఆయన డిక్కీలోంచి అరిచేవారు.

"ఇప్పుడు?"

"ఉంది."

"ఇప్పుడు?"

"తగ్గింది. కానీ ఉంది."

డిక్కీలో చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే, ఆయన నల్ల వైరు బిగించిన బోల్టు కింద రంగును గోటితో గీకుతున్నారు. కంపెనీ పెయింటు దళసరిగా ఉంది, వైరుకు ఇనుము సరిగా తగలడం లేదు. చర్చి ఆంప్లిఫయరుకు గోడ ప్లగ్గులోనే ఎర్తు ఉంటుంది. ఎర్తు కోసం రంగు గీకాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, వైరు మళ్ళీ బిగించారు.

"ఇప్పుడు?"

తొక్కాను. ఇంకా తొక్కాను. ఇంజను గుర్రుమంది. దాని వెనక ఏమీ లేదు.

"పోయింది మావయ్యా!"

ఆయన వచ్చి తలుపు స్పీకరు మీద గోరు ఆనించి, తనూ చూసుకుని, తలాడించారు.

నా ధీమా మళ్ళీ లేచి కూర్చుంది. పథకం క్షణాల్లో తయారైపోయింది. రేపు పెద్దలు కారులో కూర్చుంటారు, వింటారు, వంక దొరకదు. కుర్చీ మావయ్యదే. చర్చిలో కీచు సంగతి నేను ఎలాగో చూసుకుంటాను. క్వయర్‌లోంచి వేలెత్తి సైగ చేస్తే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు.

"మీరు రేపు ఏమీ మాట్లాడకండి, అంతా నేను చూసుకుంటాను" అని చెప్పాను. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక, తమిళులు లోపలికి వెళ్తుండగా, మావాళ్ళు కారు చుట్టూ చేరారు. సంఘ పెద్ద ముందు సీట్లో, అయ్యగారు వెనక సీట్లో కూర్చున్నారు. నేను కావాలనే ఇంజను స్టార్ట్ చేశాను. కావాలనే గట్టిగా తొక్కాను. పాట పెట్టాను, పెంచాను, పూర్తిగా తగ్గించాను, మళ్ళీ పెంచాను. మచ్చ లేదు. సంఘ పెద్ద కళ్ళు మూసుకుని పాట చివరిదాకా విన్నారు. దిగి, మావయ్య రెండు చేతులూ పట్టుకున్నారు.

"నేను తొందరపడ్డానండీ. ఇంత శుభ్రమైన సౌండు నేను ఏ కారులోనూ వినలేదు. ఆ కుర్చీ మీదే. ఇంక మాటలేదు."

నేను నలుగురి వైపూ చూసి తల ఎగరేశాను. గెలిచేశాను. అప్పుడు మావయ్య నోరు విప్పారు.

"లేదు సార్. నిన్న ఇదీ కీచుమన్నింది. నాకు వినపల్యా. ఈ పాపకు వినపడింది. ఈ యమ్మి ఉండాది, పోయింది అని చెప్తాంటే నేను సరి చేస్తి. చర్చిలో కూత గూడా నాకు వినపడదు. మీరు చెప్పిందే నిజం."

నాకు తల తీసేసినట్టయింది. పళ్ళ మధ్య నుంచి, "మావయ్యా!" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"చేతులు బాగుండాయి నాకు. చెవులు ఆ పాపవి బాగుండాయి. ఆ కుర్చీలో పాపను కూచోబెట్టండి. నేను పక్కన నిలబడుకోని చేస్తా. అట్ల కాదంటే ఆ తమ్ముడికే ఇయ్యండి. నేనేమీ అనుకోను."

అనుకోనంటున్న మనిషి చేతులు చొక్కా అంచును నలుపుతున్నాయి. ఆయనకు ఆ కుర్చీ ఎంత కావాలో ఆ చేతులు చూస్తేనే తెలిసిపోతోంది. అయినా అబద్ధం మీద కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. నేను ఆయన్ని కాపాడుతున్నాననుకుని, ఆయన కూర్చోలేని కుర్చీ తయారుచేశానని అప్పుడు తెలిసింది.

సంఘ పెద్ద ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "ఆడపిల్ల... ఆంప్లిఫయర్ దగ్గర... మగవాళ్ళ వైపు..."

ఆ మాటతో నా నోరు నాకు తిరిగొచ్చింది.

"ఐసీయూలో నా చుట్టూ ఎన్ని మిషన్లు కూస్తుంటాయో మీకు తెలుసా అండీ? ఏది కూసినా ముందు లేచేది నేనే. మీ మైకు కూత నాకు ఒక లెక్కా?"

అయ్యగారు ఫక్కున నవ్వారు. ఆయన నవ్వాక సంఘ పెద్దకూ నవ్వక తప్పలేదు. "నిలబడడమెందుకు, రెండు కుర్చీలు వేయండి" అన్నారు అయ్యగారు.

నేను క్వయర్ మానేయాల్సి వచ్చింది. పాట నాకు ప్రాణం. నలుగురి గొంతుల కింద నా గొంతు వెళ్ళి ఆనుకోవడంలో ఉండే సుఖం మళ్ళీ దొరకలేదు. తేలిగ్గా వదిలేశానని చెబితే అబద్ధమవుతుంది. క్వయర్ నడిపే ఆవిడ నాతో కొన్నాళ్ళు ముభావంగా ఉంది కూడా.

తర్వాతి ఆదివారం చెంగు తల మీద కప్పుకుని, మగవాళ్ళ చాపలు దాటి, ఆంప్లిఫయర్ పక్క కుర్చీలో కూర్చున్నాను. మావయ్య రెండో కుర్చీలో, ఎడమ చేయి నాబ్ మీద పెట్టుకుని కూర్చున్నారు. హాలంతా మా వైపే చూసింది. ఆడవాళ్ళ వైపు నుంచి గుసగుసలు వినిపించాయి. మొదటి పాట అయ్యేదాకా తలలు తిరుగుతూనే ఉన్నాయి.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. కళ్ళు మూసుకోకుండా కూర్చున్నది మేమిద్దరమే. ఆయన గొంతు పెరిగిన చోట, ఎక్కడో అడుగున, వెంట్రుకంత సన్నగా కీచు పుట్టబోయింది. మావయ్య మణికట్టు మీద వేలు వేశాను. నాబ్ తిరిగింది. కీచు పుట్టకుండానే పోయింది. ఆయన నా వైపు వంగి, పెదవులు మాత్రం కదిపారు.

"ఇప్పుడు?"

లేదని తల అడ్డంగా ఊపాను.

ప్రసంగం సాగింది, కానుకల పాట అయింది, ఆశీర్వాదం కోసం అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడు నేను హాలు ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాను. మా వైపు తిరిగిన ముఖం ఒక్కటీ లేదు. ఆ రోజు గడియారం వైపు కూడా ఎవరూ చూడలేదు.